గొంతు పోయిన చాచా తరఫున బాపు మాట్లాడిన రోజు

మా ఆయనకు గొంతు పట్టిందని పొద్దున అతిమధురం కషాయం కాచిన. ఆ వాసనకు ఉప్పుగూడల మా పుట్టింటి అరుగు యాదికొచ్చింది.

పాలు పిండుడు అయినంక బాపు, పక్కింటి చాచా ఆ అరుగు మీద కూసొని రోజూ ఒకటే లొల్లి పెట్టుకునేటోళ్లు. లోకంల అందరికన్న గొప్ప కవి ఎవరు? బాపుకు ఒక తెలుగు కవి పాణం, చాచాకు ఒక ఉర్దూ శాయర్. సత్తు గ్లాసులల్ల చాయ్ సల్లారిపోయేది. మీ గల్లీల కూడ గిట్లాంటి జోడీ ఉండే ఉంటది.

ఒకసారి చాచాకు గొంతు పూర్తిగ పోయింది. హకీం మాట్లాడొద్దన్నడు. అయినా అతిమధురం పుల్ల నములుకుంట వచ్చి కూసున్నడు. మాట రాని మనిషిని బాపు ఓడగొడ్తడేమో అని నాకు మస్తు భయమైంది.

బాపు చాచా లెక్క తలకు తువ్వాల చుట్టి, "ఇయ్యాల నీ దిక్కు నేనే మాట్లాడ్త భాయ్" అని ఆ శాయర్ శాయరీలు ఒకటెనక ఒకటి అందుకున్నడు. ఇన్నేండ్లు కొట్లాడుకుంటనే అన్నీ నోటికి నేర్సుకున్నడు! తన కవి వంతు వచ్చేసరికి బాపు ఒక్క పద్యం చదివి ఆపిండు.

"గంతేనా?" అని అమ్మ లోపలినుంచి నవ్వింది.

"గంతే. ఇయ్యాల భాయ్ గెలిచిండు. గొంతు రానీ, అప్పుడు చూస్కుందం."

చాచా ఒప్పుకోలేదు. వేలు అడ్డంగ ఊపుకుంట లేచి, కుస్తీల గెలిచిన పహిల్వాన్‌కు ఎత్తినట్టు బాపు చెయ్యి పట్టి పైకెత్తిండు.