జలపాతం దారిలో ఊఁ కొట్టిందెవరు

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే ఊరుకోను. దయ్యాలు, భూతాలు అని ఎవరైనా నోరు తెరిస్తే ముందు వాదనకు దిగేది నేనేనని మీ అందరికీ తెలుసు. ఫిజిక్స్ చదివినదాన్ని. అమావాస్యనాడు కావాలని జుట్టు కత్తిరించుకున్నదాన్ని. అలాంటి నేను చెబుతున్నాను... ఇది జరిగింది. జ్వరం లేదు, మత్తు లేదు, కల అసలే కాదు. కలలో బూట్లలోకి నీళ్లు పోయి వేళ్లు కొంకర్లు పోవు కదా.

ముందు విమల సంగతి చెప్పాలి. విమల నా ఆడపడుచు, మా ఆయనకు చెల్లెలు. మేం సెంగ్‌కాంగ్‌లో, వాళ్లు సెంబవాంగ్‌లో, ఒకే ఊరి పేటలే. రైలెక్కితే ఎంతసేపు? అయినా మేం ఫోన్లోనే ఎక్కువ బతికాం. రోజూ వంటిల్లు సర్దుకుంటూ నేను చెప్పడం, అవతల తను ఊఁ కొట్టడం. పోట్లాడుకోలేదని అనుకోకండి. నా పెళ్లి చీర రంగు దగ్గర మొదలైన గొడవ ఏళ్ల తరబడి నడిచింది. కానీ ఊఁ కొట్టడంలో దాని తర్వాతే ఎవరైనా. మామూలు కబురుకు పొట్టి ఊఁ. కథ రసపట్టులో పడితే చివర పైకి లేచే ఊఁ... తొందరగా చెప్పు వదినా, చంపకు అన్నట్టు. వాళ్ల అన్నయ్యను నేనేమైనా అంటే మాత్రం ముక్కులోంచి కిందకు దిగే ఊఁ. నేనొప్పుకోను అని.

కిందటేడు విమలకు న్యుమోనియా వచ్చింది. దగ్గే కదా అనుకున్నాం. ఐసీయూలో వెంటిలేటర్ మీద పెట్టారు. కళ్లు తెరవలేదు. "టాక్ టు హర్, ఆంటీ. షీ కెన్ హియర్ వన్" అంది నర్సు ఇక్కడి యాసలో. మాట్లాడమని నాకు ఒకరు చెప్పాలా? రోజూ పక్కన కూర్చుని చెప్పాను. ఇంట్లో సంగతులు, పక్కింటి సంగతులు, చెప్పకూడదనుకున్నవి కూడా. ఒక్కదానికీ ఊఁ లేదు. మెషిన్ ఊపిరి పోస్తోంది, తీస్తోంది... అంతే. నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది. చెప్పింది దాని చెవిన పడిందో లేదో తెలిస్తే చాలు. తెలియనివ్వకుండానే వెళ్లిపోయింది.

న్యూజిలాండ్ ప్రయాణం దాని పథకమే. "ఈ ఊళ్లో ఫ్రిజ్ తలుపు తీస్తే తప్ప చలి తెలీదు వదినా, ఒక్కసారి మంచుకొండ చూసొద్దాం" అనేది. అది పోయాక మానేద్దామన్నాను. దాని కూతురు హాసిని ఒప్పుకోలేదు. వాళ్ల నాన్న తన వల్ల కాదన్నాడు. చివరికి నేను, మా ఆయన, హాసిని... ముగ్గురం డిసెంబర్ సెలవుల్లో బయల్దేరాం.

అక్కడ డిసెంబర్‌లో రాత్రి భోజనాలయ్యాక కూడా వెలుతురు చావదు. బూడిదరంగులో వేలాడుతూ ఉంటుంది. ఆ వెలుతుర్లోనే, గ్లేసియర్ దగ్గర జలపాతం ఉందని కారు ఆపాం.

"అత్తా, బోర్డు చూడు. ఈజీ వాక్. బేబీని స్ట్రోలర్‌లో తోసుకుని వెళ్లచ్చంట. కెన్ లా" అంది హాసిని.

"మీ మావయ్యను తోసుకెళ్లడానికి ఏమైనా దొరుకుతుందేమో చూడవే."

"మధ్యలో నేనేం చేశానే?" అన్నారు మా ఆయన, చొక్కా మీద చొక్కా, దాని మీద స్వెట్టరు, దాని మీద కోటు తొడుక్కుని.

అక్కడ టాయిలెట్ కనబడింది. మీరు నడుస్తూ ఉండండి అన్నాను. "నేను వెయిట్ చేస్తాలే అత్తా" అంది హాసిని. నేను బయటికొచ్చేసరికి కారు దగ్గర ఎవరూ లేరు. బాట ఎక్కాను. సన్నటి వాన. రెండు పక్కలా మనిషెత్తు ఫెర్న్ మొక్కలు, ఆకుల చివర్ల నుంచి బొట్లు... టప్... టప్... కొన్ని అడుగులు వేశానో లేదో, వెనకాల గులకరాళ్ల మీద చెప్పుల చప్పుడు. హాసిని వచ్చి కలిసిందనుకున్నాను. ఇంకేం, నోరు తెరిచాను.

"మా పై ఫ్లోర్ వాళ్ల అత్తగారు వచ్చిందే గుంటూరు నుంచి. భోజనానికి హాకర్ సెంటర్‌కి తీసుకెళ్లారట."

"ఊఁ."

"జనం సీటు చోప్ చేసి ఆపుకోడానికి టేబుళ్ల మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టి వెళ్తారు కదా. ఆవిడకేం తెలుసు? అయ్యో, ఎవరో మర్చిపోయారమ్మా అని..."

"ఊఁ..."

"టేబుల్ టేబులూ తిరిగి ప్యాకెట్లన్నీ ఏరుకొచ్చి, పళ్లేలు తీసే ఆయన చేతిలో పోసింది. జనాలు తిండి పట్టుకొచ్చి చూస్తే..."

"ఊఁ?"

చివర పైకి లేచింది.

నేను నవ్వుతున్నాను. నవ్వుతూనే... ఏదో తేడాగా అనిపించింది. ఈ పిల్లలు ఊఁ కొట్టరు కదా. "ఓకే" అంటారు, "రియల్లీ ఆ" అంటారు. పైగా చెవుల్లో ఆ తీగలు పెట్టుకుని ఉంటారు. హాసిని ఎప్పుడు నేర్చుకుంది?

అప్పుడు బాట మలుపు తిరిగింది. చెట్లు అయిపోయాయి. ఎదురుగా ఒట్టి రాళ్ల బయలు. పాలల్లో బూడిద కలిపినట్టు ఒక ఏరు. పైన లోయ నోట్లో గ్లేసియర్... తెల్లగా ఉంటుందనుకున్నాను, మాసిపోయిన నీలంగా ఉంది. కుడివైపు కొండ మీద నుంచి జలపాతం. దాని కింద ఇద్దరు మనుషులు, వేలెడంత కనబడుతున్నారు. ఒకరు మా ఆయన, ఆ లావుపాటి కోటు ఆయనదే. రెండోది...

పసుపు జాకెట్.

హాసిని జాకెట్.

నా వెనకాల గులకరాళ్లు... కర్... కర్... వస్తూనే ఉన్నాయి.

తిరిగి చూడవచ్చు కదా అంటారు. మీరైతే చూసేవాళ్లేమో. నా మెడ తిరగలేదు. అయినా నేను ఆగలేదు. ఎందుకంటే... కథ ఆపితే ఊఁ ఆగిపోతుంది. అదొక్కటే తెలుస్తోంది నాకు. నోరు మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. టిష్యూ ప్యాకెట్ల కథ అయిపోయింది. ఏదో ఒకటి చెప్పాలి. వచ్చిందే వచ్చినట్టు అనేశాను.

"మీ అన్నయ్య ఇక్కడికొచ్చి కూడా రాఫెల్స్ ప్లేస్‌లోని ఆఫీసుకి మెయిల్స్ కొడుతున్నాడు. మనిషి కాదు ఆయన, మొద్దు."

బొట్లు... టప్... టప్...

నా కోటు మీద వాన చప్పుడే.

తర్వాత వచ్చింది. ముక్కులోంచి. కిందకు దిగుతూ.

"ఊఁ..."

నాకు భయం వేయలేదు అంటే అబద్ధం. కానీ పరిగెత్తబుద్ధి కాలేదు. ఎన్నాళ్లైందో ఆ ఊఁ విని. నడక నెమ్మది చేశాను. వెనకాల చప్పుడూ నెమ్మదించింది. పిల్లల బళ్లు తోసుకెళ్లే బాట... ఎంత దూరమని ఉంటుంది? ఒక్క కష్టమైన మెట్టు లేదు, ఎక్కడా కూలబడి కాలం లాగడానికి వీల్లేదు. ఏం చెప్పానో కూడా గుర్తులేదు. చింతపండు ధర, హాసిని కొత్త క్లాసులు, మా లిఫ్ట్ చెడిపోవడం... చెత్తంతా చెప్పాను. ప్రతిదానికీ ఊఁ. పొట్టిగా, పక్కనే ఉన్నట్టు.

అడగాల్సింది ముందే అడగొచ్చు కదా అంటారా? అడగలేకపోయాను. దయ్యమని కాదు. లేదు అంటుందేమోనని.

ముందు నుంచి జలపాతం హోరు పెరుగుతోంది. అడుగడుగుకీ పెరుగుతోంది. ఊఁ సన్నబడుతోంది. "రా, రా, ఫోటో తీస్తా!" అని మా ఆయన చేతులూపుతున్నారు. అప్పుడిక ఆగిపోయాను. వెనక్కి తిరగకుండానే అడిగాను.

"విమలా... ఆస్పత్రిలో నేను చెప్పినవి విన్నావా?"

హోరు. ఒట్టి నీళ్ల హోరు. చెవులు మూసుకుపోయేంత హోరు. ఆ హోరులో ఏదైనా అన్నదా, అనలేదా... నాకు వినబడలేదు. వినబడలేదు కాబట్టి అనలేదని ఎలా చెప్పను? తిరిగి చూశాను. తడిరాళ్లు, పొగమంచు. బాట మీద ఎవరూ లేరు.

ఆ రాత్రి లాడ్జి గదిలో ఇద్దరికీ చెప్పాను. మా ఆయన ఓపికగా విన్నారు. లోయలో చప్పుడు రాళ్లకు తగిలి తిరిగొస్తుందట. లేకపోతే ఏదో పక్షి అయి ఉంటుందట.

"పక్షికి మీ చెల్లెలి ముక్కు ఎక్కడి నుంచి వచ్చిందండీ?"

ఆయన అటు తిరిగి లైటు ఆర్పేశారు. హీటర్ చప్పుడు తప్ప ఏమీ లేదు. నిద్రపోయారనుకున్నాను ఇద్దరూ.

"అత్తా..."

పక్క మంచం మీద నుంచి హాసిని.

"ఊఁ అన్నప్పుడు... అమ్మ... బ్రీతింగ్ ఎలా ఉంది? ఆయాసపడుతూ అన్నదా?"

నాకు ప్రతిదానికీ జవాబు ఉంటుంది కదా. ఈసారి నోటికొచ్చింది అనేయలేదు. నిజంగానే గుర్తు చేసుకున్నాను. ఆ చలిలో ఆపకుండా మాట్లాడుతూ నడుస్తూ నేను రొప్పుతున్నాను. నా ఊపిరి నాకే వినబడుతోంది. వెనకాల అది మాత్రం...

"లేదే. హాయిగా ఉంది. వంటింట్లో నిలబడి అన్నట్టే ఉంది."

"షూర్ ఆ?"

"షూర్."

హాసిని దుప్పటితో సహా వచ్చి నా మంచం మీద పడుకుంది. పాదాలు మంచుముక్కల్లా ఉన్నాయి.

పిల్లను ఊరుకోబెట్టడానికి చెప్పాననుకోకండి. ఆయాసం లేదు. అదొక్కటి మాత్రం ఎవరితోనైనా, ఎక్కడైనా వాదిస్తాను. అది ఎవరు, ఏమిటి, అసలు ఉందా... వాదించలేను. నాకు తెలీదు. ఆస్పత్రిలో నేను చెప్పింది విన్నదో లేదో కూడా, ఇప్పటికీ... తెలీదు.