సువార్త చేతివాసి

నేను ఒక మంచి మనిషికి ద్రోహం చేశాను. ఇరవై ఏళ్లుగా దాన్ని లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. మొగుడికి చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఇబ్రహీంపట్నం దగ్గర ఒక బడిలో జీవశాస్త్రం చెబుతాను. సైన్స్ ఫెయిర్ అనగానే పిల్లలు చుట్టూ మూగుతారు. "టీచర్, అల్కగ అయ్యేది చెప్పుండ్రి!" చెబుతాను. తేలికైనవే: రొట్టె మీద బూజు. ఉల్లిపొరలో కణాలు. మెట్లెక్కితే నాడి ఎంత పెరుగుతుందో చూడటం. మొలకల ప్రాజెక్టు మాత్రం నా నోట రాదు. అడిగినా మాట మార్చేస్తాను.

పదో తరగతిలో సువార్త, నేను ఒకే బెంచీ. బడి నుంచి ఒక్క ప్రాజెక్టే జిల్లాకు పోతుందన్నారు సైన్స్ సారు. ఉప్పునీళ్లకు పెసర మొక్కలు ఎంతవరకు తట్టుకుంటాయన్నది నా ప్రాజెక్టు. సువార్తది కందులు. వాళ్ల నాయనమ్మ విత్తే ముందు గింజలకు పొయ్యి బూడిద పట్టించేది. అట్లా పట్టించినవి ఒక వరస కప్పుల్లో, ఉత్తవి ఇంకో వరసలో వేసింది. బూడిద వరస ఎంత నిగనిగలాడుతూ లేచిందో! సారు మురిసిపోయారు. నాకు కడుపు మండింది. అవును, మండింది. దానికి వేరే పేరు పెట్టి ఏం లాభం?

అప్పుడే ఆదిభట్లలో సువార్త మేనమామ పెళ్లి పడింది. మూడు రోజులు కప్పులు నాకు అప్పగించి పోయింది. నా చేతిలో ఉప్పునీళ్ల సీసా ఎట్లాగూ ఉండేది. మొదటి రోజు రెండు చుక్కలే, చూద్దామని. రెండో రోజు చూద్దామని కాదు. మూడో రోజు సీసా మొత్తం బూడిద వరసలోనే ఒంపేశాను. ఎవరైనా వస్తారేమోనన్న భయం ఉండింది కానీ, తప్పు చేస్తున్నానన్న భయం ఉండిందా? ఇప్పటికీ నాకు తెలియడం లేదు.

తిరిగొచ్చేసరికి మొక్కలు వాలిపోయి ఉన్నాయి. కప్పుల్లో మట్టి ముట్టి చూసింది.

"నీళ్లు పోసినవా?"

"అవ్, రోజు పోసిన. బూడిద ఎక్కువైనట్టుందే."

నా మీద ఎగిరిపడుతుందనుకున్నాను. తన అరచేతుల వైపు చూసుకుంది.

"నా చెయ్యే మంచిది కాదేమోనే. పోనీ, నీదన్న మంచిగున్నది. నువ్వు పో."

జిల్లాకు పోయే రోజు నా పెసర కప్పుల అట్టపెట్టె బస్సు దాకా మోసింది తనే. నాకు సర్టిఫికెట్టు వచ్చింది.

తన చెయ్యి మంచిది కాదన్న ఆ మాట అంతటితో పోయిందనుకున్నాను. కానీ మా దిక్కు విత్తేనాడు మొదటి గింజ చేతివాసి ఉన్నవాళ్లతోనే వేయిస్తారు. సువార్త వాళ్లింట్లో చిన్నప్పటి నుంచీ ఆ గింజ వేసేది సువార్తే. ఆ ఏడు చేనులోకి దిగనని మొండికేసింది. నాయనమ్మ తిట్టింది, బతిమాలింది, ఏడ్చింది. దిగలేదు. ఆ సంగతి మరుసటి రోజే నా చెవిన పడింది. అప్పుడైనా నోరు విప్పాల్సింది కదా? నా పాడు నోరు అప్పుడు ఎక్కడికి పోయిందో!

ఇప్పుడు సువార్త బట్టలు కుడుతుంది. వాకిట్లో కరివేపాకు మొక్క కూడా పెట్టదట. ఎట్లా తెలుసంటారా? ఆమె బిడ్డ రూతు నా తొమ్మిదో తరగతిలోనే ఉంది. మొన్న అందరూ ప్రాజెక్టులు రాయిస్తుంటే చివర్న నిలబడింది.

"నాకు మొక్కలదే చెయ్యాలని ఉండె టీచర్. అమ్మ వద్దన్నది. మా చేతులు మంచియి కావంట, మా చేతిల ఏదీ బతకదంట."

నవ్వుతూనే అంది ఆ పిల్ల. అదేం మాట బిడ్డా అనాల్సింది. మీ అమ్మను పిలుచుకురా అనాల్సింది. నేనేమన్నానో తెలుసా? "సరే, బూజుది చెయ్యి" అన్నాను. పేరు పక్కన రాసుకున్నాను కూడా.

అప్పటి నుంచి ఒక చోట కూర్చోలేకపోతున్నాను. అన్నం ముందు కూర్చుంటే లేస్తాను, లేస్తే మళ్లీ కూర్చుంటాను. సువార్త నంబరు హాజరు పట్టీలోనే ఉంది. రెండుసార్లు కలిపి, మోగకముందే కట్ చేశాను. ఏమని మొదలుపెట్టను? క్షమించమంటే క్షమించేస్తుందేమో, దానికే ఎక్కువ భయపడుతున్నాను. ఆమె మానేసిన విత్తనాలన్నీ ఎవరు తిరిగి వేస్తారు?

ముఖం మీద చెప్పే ధైర్యం నాకు ఇంకా రాలేదు. వస్తుందని ఒట్టు కూడా వేయలేను. ఇక్కడ మాత్రం రాస్తున్నాను, పూర్తిగా రాస్తున్నాను: సువార్తా, నీ చేతిలో ఏదీ చావలేదు. నేనే చంపాను.