ఇంజన్ కుదురుకునే దాకా

మా చిన్నప్పుడు... మందమర్రిలో మా వాకిట్లో ఒక పాత తెల్ల కారు ఉండేది. పేరుకు మాదే గానీ మేం ఎక్కింది తక్కువ. బాపు దాన్ని కిరాయికి నడిపేవాడు. పెళ్లివాళ్లు, ఆస్పత్రికి పోయేవాళ్లు, తీర్థాలకు పోయేవాళ్లు ఎక్కేవాళ్లు... నేనూ అవ్వా కడిగేవాళ్లం. అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేదాన్ని.

ఒక ఎండాకాలం అది వెనక నుంచి గుప్పుగుప్పున పొగ కక్కడం మొదలుపెట్టింది. బాపు దోస్తు జబ్బార్ చాచా మెకానిక్. ఇంజన్ మొత్తం విప్పి, సిలిండర్లకు బోరు కొట్టించి, పిస్టన్లూ రింగులూ కొత్తవి వేశాడు. తాళంచెవి చేతిలో పెడుతూ గట్టిగా చెప్పాడు.

"అన్నా, జర పైలం. లోపల సామానంత కొత్తది, ఒకదానికొకటి ఇంక అలవాటు కాలే. స్పీడు నలభై దాటనియ్యకు, బరువెయ్యకు. ఇంజన్ కుదురుకునేదాక కిరాయి మాటెత్తకు. ఊకె ఇంట్ల పెట్టినా కుదురుకోదు, మెల్లగ తిప్పు. ఉరికించినవనుకో... జామైతది."

బాపుకు మెల్లగా నడపమని చెప్పడమంటే తిండి మానమని చెప్పినట్టే. ఆ పూట అన్నం ముందు కూర్చుని ఒకటే విసుక్కున్నాడు. అవ్వ మాత్రం చారు గిన్నె పట్టుకుని అట్లాగే ఆగిపోయింది.

"నలభైలనే పోతదా? గట్లయితే నేనొస్త. మా అవ్వ దగ్గరికి తోల్కపో."

అవ్వకు బండి పడదు... బస్సెక్కినా, బాపు ఉరికించే కారెక్కినా కడుపులో తిప్పి వాంతులు. రెండు రోజులు లేచేది కాదు. ధర్మపురి దగ్గర ఊళ్లో మామ ఇంట్లో ఉండే అమ్మమ్మ ఆమధ్య జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. అవ్వ వెంటనే బస్సెక్కింది గానీ, వాంతులకు తాళలేక సగం దారిలో లక్సెట్టిపేటలోనే దిగిపోయి, తెలిసినవాళ్లింట్లో పడుకుని వెనక్కి వచ్చేసింది. అమ్మమ్మ అలిగింది. "కారున్నోనికిచ్చిన... బిడ్డ మొకం చూసే రాత లేదు" అని వచ్చేపోయేవాళ్లతో చెప్పి పంపేది. అది విన్నప్పుడల్లా అవ్వ పొయ్యి ముందు కూర్చుని కళ్లు తుడుచుకునేది.

తెల్లారి బయల్దేరాం. ముందు సీట్లో అవ్వ, చేతిలో నిమ్మకాయ. వెనక నేను ఒక్కదాన్నే రాణిలా...

అందరూ మమ్మల్ని దాటిపోయారు. బస్సులు, లారీలు, ఆఖరికి గడ్డి ట్రాక్టరు కూడా. బాపును ఎరిగిన ఇంకో కిరాయి డ్రైవరు పక్కకొచ్చి, "ఏందన్నా, పెండ్లిపిల్లను తీస్కపోతున్నవా?" అని అరిచాడు. వేరే రోజైతే బాపు వాణ్ని రెండు నిమిషాల్లో దాటేసేవాడు. ఆరోజు అవ్వ వైపు చూసి, "ఔ తమ్మీ!" అన్నాడు. అవ్వ కొంగుతో ముఖం కప్పుకుని నవ్వింది.

లక్సెట్టిపేట దాటాక ఇంజన్ వేడెక్కింది. బాపు రోడ్డు పక్కన ఆపి బానెట్ ఎత్తాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. అవ్వ దిగి పక్కన నిలబడింది.

"మర్లిపోదాం. నా కోసమని బండి కరాబు చేసుకోకు... మనకున్నది గదొక్కటే."

బాపు తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. తర్వాత అన్నాడు...

"ఇంజన్ జామైతే జబ్బార్ మళ్ల విప్పుతడు. మీ అవ్వ అలక ఎవలు విప్పుతరు?"

వేడి చల్లారేదాకా వేపచెట్టు నీడలో కూర్చున్నాం. మళ్లీ స్టార్ట్ చేస్తే ఇంజన్ నిమ్మళంగా అందుకుంది. రాయపట్నం వంతెన మీద అవ్వ తల బయటికి పెట్టి గోదావరిని చూస్తూ, చిన్నప్పుడు తను బట్టలుతికిన రేవు ఎటువైపో చూపించింది. వాంతికి భయపడి నోటికి కొంగు అడ్డం పెట్టుకోలేదని నేను అప్పుడే గమనించాను...

అమ్మమ్మ మంచం మీద ఉంది. మమ్మల్ని చూసి గోడ వైపు తిరిగింది. అవ్వ వెళ్లి ఆమె కాళ్ల దగ్గర నిలబడింది. కాసేపటికి గోడతోనే అడిగింది అమ్మమ్మ.

"కక్కినవా?"

"లే."

"ఒక్కపారి గూడ?"

"లేదే అవ్వా. ఈయన మెల్లగ తెచ్చిండు."

అమ్మమ్మ ఇటు తిరిగింది. బాపును కిందికీ మీదికీ చూసింది.

"గింత మెల్లగ తోలొస్తదా నీకు? మరి ఇన్నేండ్లు ఎందుకు తోలలే అల్లుడా?"

బాపు తాళంచెవి తిప్పుకుంటూ నిలబడ్డాడు. అమ్మమ్మ అవ్వ చెయ్యి పట్టి మంచం మీదికి లాక్కుంది... ఇద్దరూ ఏడుస్తూ నవ్వారు.

కొన్నాళ్లకు జబ్బార్ చాచా ఆయిల్ మార్చి, "ఇగ ఉరికించుకో అన్నా" అన్నాడు. కిరాయివాళ్లతో బాపు ఉరికించాడు కూడా. కానీ అమ్మమ్మ పోయేదాకా, ప్రతి నెలా ఒక రోజు కిరాయి మానుకుని అవ్వను మెల్లగా పుట్టింటికి తీసుకెళ్లేవాడు.

ఇప్పటి కార్లలో తలుపులు వేసుకుని ఏసీలో కూర్చుంటే ధర్మపురి ఎప్పుడొచ్చిందో తెలియదు. దారిలో ఏ ఊళ్లు దాటామో మా పిల్లలు చెప్పలేరు...

మీ ఇళ్లలో కూడా బండి కొత్త ఇంజన్ మీద మెల్లగా తిరిగిన రోజులున్నాయా? ఎవర్ని ఎక్కించుకుని, ఎక్కడిదాకా పోయారు? రాయండి... సాయంత్రం మా అవ్వకు చదివి వినిపిస్తాను.