కడిగి తిరిగిచ్చిన గిన్నెలు

మనవాళ్లు హవాయికి వచ్చే పద్ధతి ఒకటుంది. చూసి చూసి నాకు కంఠతా వచ్చేసింది. విమానం దిగగానే అద్దె వ్యాన్, వ్యాన్‌ వెనక సీట్లో రైస్ కుక్కర్, ఆవకాయ సీసా చుట్టూ మూడు ప్లాస్టిక్ కవర్లు. మొదటి రోజు అగ్నిపర్వతం, మర్నాడు నల్ల ఇసుక బీచ్, ఆ మర్నాడు జలపాతం ముందు ఇంటిల్లిపాదీ ఒకే రంగు చొక్కాల్లో ఫొటో. అగ్నిపర్వతం దగ్గర పొగ తప్ప ఏమీ కనపడకపోతే, ఇక్కడే ఉంటున్న నేనే ఆ నిప్పుని ఎక్కడో దాచేసినట్టు నా వంక చూస్తారు. తర్వాత ఇండియన్ రెస్టారెంట్ కోసం ఆరా. తినొచ్చాక అది ఏమీ బాగాలేదని ఆ సాయంత్రమంతా చర్చ. చివరికి ఎయిర్‌పోర్టులో కూర్చుని "హవాయి అయిపోయింది, నెక్స్ట్ అలాస్కా" అని వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఒక దీవి ఎలా అయిపోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నేను అలా రాలేదు. అమెరికాలోనే ట్రాయ్ అనే ఊళ్లో కొన్నేళ్లు, టెక్సాస్‌లో ఫ్రిస్కో అనే ఊళ్లో చాలా ఏళ్లు ఉద్యోగం చేశాను. ఫ్రిస్కోలో నాకో ఇల్లుండేది. పెళ్లి నిలవలేదు, ఇల్లు మాత్రం నిలిచింది. ఆ వీధిలో ప్రతి శనివారం ఎవరో ఒకరింట్లో భోజనాలు, ప్రతి భోజనంలో స్కూలు రేటింగుల గురించీ ఇళ్ల ధరల గురించీ అవే మాటలు, ఏ గరాజ్ తలుపు తెరుచుకున్నా పక్కింట్లోంచి తొంగిచూసే ఒక మొహం. గ్రీన్ కార్డు చేతికొచ్చిన ఏడాది, ఎక్కణ్ణించైనా పని చేసుకోవచ్చని కంపెనీ అనగానే, ఇల్లు అమ్మేసి బయలుదేరాను. అందరూ ముక్కున వేలేసుకున్నారు. "ఒక్కదానివే ఏం చేస్తావక్కా అక్కడ? బోర్ కొట్టదా?" అని అడిగిన ప్రతివాళ్లకీ ఒకటే జవాబు చెప్పాను. బోర్ ఇక్కడ కొడుతోంది.

ముందు వేరే రెండు దీవుల్లో కొంతకాలం ఉండి, చివరికి ఈ పెద్ద దీవిలో వాన పడే వైపుకి వచ్చి ఆగాను. టూరిస్టులు ఎక్కువగా ఎండ కాసే వైపు ఉంటారు. ఇక్కడ రేకుల కప్పు మీద వాన, చీకటి పడితే చెవులు చిల్లులు పడేలా అరిచే చిన్న కప్పలు, అల్మారాలో బెల్టులకీ చెప్పులకీ తెల్లటి బూజు. తెల్లవారకముందే టెక్సాస్ వాళ్లతో మీటింగులు మొదలవుతాయి కాబట్టి మధ్యాహ్నానికల్లా నా పని అయిపోతుంది. ఆ తర్వాత నడక. సంతకెళ్లి ఒక బొప్పాయి, ఒక సీమపనస కాయ కొనుక్కుని రావడం. దేవగన్నేరు పూలు రాలిన రోడ్డు మీద ఎవరూ పలకరించకుండా ఇంటికి చేరడం. అంతకంటే నాకేం అక్కర్లేదు.

నాలాగే నిదానంగా బతకడానికి వచ్చామని చెప్పుకునేవాళ్లు ఇక్కడ కొందరున్నారు. వాళ్లంటే నాకు మనవాళ్లకన్నా ఎక్కువ చిరాకు. కాళ్లకి చెప్పులుండవు, చేతిలో ఖరీదైన లాప్‌టాప్ ఉంటుంది. నెమ్మదిగా బతకడం గురించి గడగడా మాట్లాడతారు. కాఫీ షాపులో ఒకాయన, గడ్డం దువ్వుకుంటూ, తాను సమయాన్ని వదిలేశానని నాకు చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఫోన్ చూసుకుంటూనే ఉన్నాడు. మూడో నెలకి వేరే దేశం వెళ్లిపోయాడు.

నేను దొరికించుకున్న గది వీళ్లెవరికీ దొరికేది కాదు. ఒక ముసలావిడ ఇంటి కింది భాగంలో, వెనక తోట వైపు. ఆవిడ చిన్నప్పుడే ఫిలిప్పీన్స్ నుంచి వచ్చింది, భర్త పోయి చాలాకాలమైంది. ఒక్కడే కొడుకు, హొనొలులులో ఉంటాడు. గది కిటికీ పక్కనే పెద్ద మునగచెట్టు. ఈ చెట్టు మన ఒక్కళ్లదే అనుకుంటాం గానీ ఫిలిప్పీన్స్ వాళ్లూ అంతే ఇష్టంగా తింటారు, కాకపోతే వాళ్లకి కాయకన్నా ఆకు ముఖ్యం.

ఆవిడ దగ్గర నేను ఎంత పద్ధతిగా ఉన్నానో చెబితే తప్ప తర్వాత జరిగింది అర్థం కాదు. అద్దె ఒకటో తారీఖు దాటలేదు. టీవీ లేదు, ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకునే మాట్లాడతాను. చెత్త నేనే బయటపెడతాను. ఆ ఊళ్లో పెద్దావిడ ఎవరు కనపడ్డా ఆంటీ అని పిలుస్తారు, ఆవిణ్ణి కూడా పోస్టుమేన్ దగ్గర్నుంచి అందరూ ఆంటీ అనే అంటారు. నేను మాత్రం మ్యామ్ అనేదాన్ని. ఫ్రిస్కోలో ఆంటీలతో విసిగిపోయి వచ్చినదాన్ని, మళ్లీ ఆ చుట్టరికం ఎందుకనుకున్నాను. అప్పుడప్పుడు ఆవిడ నా మెట్టు మీద ఒక గిన్నె పెట్టి వెళ్లేది. బొప్పాయి ముక్కలో, కొబ్బరి వేసిన బియ్యప్పిండి స్వీటో. తిని, గిన్నె తళతళలాడేలా కడిగి, థాంక్యూ అని రాసిన చీటీ అంటించి ఆవిడ గుమ్మం ముందు పెట్టేసేదాన్ని. తలుపు కొట్టి ఇబ్బంది పెట్టేదాన్ని కాదు. అంత మర్యాద తెలిసిన మనిషి ఆ దీవిలో ఇంకొకరు లేరని నా నమ్మకం.

అలా ఉండగా కొడుకు ఒకసారి వచ్చి, కింది గదిని టూరిస్టులకి రోజుల లెక్కన ఇద్దామన్నాడు. వర్షాలు తగ్గాక తేల్చుకుందామని తల్లి అంది. ఈ సంగతి ఆవిడే నాతో చెప్పింది. ఆ వారం నాకు తిండి సయించలేదు. ఆ ఊళ్లో ఖాళీ అయిన ప్రతి గదీ అప్పటికే టూరిస్టుల పాలైంది. ఇది పోతే నాకు మళ్లీ ఫ్రిస్కో తప్ప దారి లేదు. అయినా లోపల ఒక ధైర్యం ఉండేది. నాలాంటి మనిషిని వదులుకుని, తడి తువ్వాళ్లు నేలమీద పారేసే జనాన్ని ఏ తెలివిగలది తెచ్చిపెట్టుకుంటుంది?

సరిగ్గా అప్పుడే ఫోన్ వచ్చింది. ట్రాయ్‌లో నాతో పనిచేసిన ఒకతని భార్య. ఇప్పుడు వాళ్లూ ఫ్రిస్కోనే.

"అక్కా, మేం ఐలండ్‌కి వస్తున్నాం. అత్తయ్యగారు కూడా విజిట్‌కి వచ్చారు. మీ ఏరియాలో వాటర్‌ఫాల్ కవర్ చేయడానికి వెళ్తూ, దారిలో మీ దగ్గర టెన్ మినిట్స్ ఆగుతాం. లోకల్ లైఫ్ పిల్లలకి చూపించినట్టు ఉంటుంది."

నన్ను లోకల్ లైఫ్ అన్నందుకు ఒళ్లు మండింది. రావద్దనడానికి నోరు రాలేదు. గేటు దగ్గరే నిలబెట్టి, జలపాతానికి దారి చూపించి పంపేద్దామనుకున్నాను. నా గది చూపించే ప్రసక్తే లేదు.

వ్యాన్ వచ్చింది, హారన్ కొట్టుకుంటూ. మొగుడూ పెళ్లాలు, ఇద్దరు పిల్లలు, అందరికీ పసుపు పచ్చ చొక్కాలు. చివరగా అత్తగారు, నేత చీర మీద స్వెటర్, కాళ్లకి కొత్త స్పోర్ట్స్ షూ. నేను నోరు తెరిచేలోపే ఆవిడ మునగచెట్టు చూసింది. ఇంక మమ్మల్ని ఎవరినీ చూడలేదు. గేటు తోసుకుని, తోటలోంచి నేరుగా వరండా మీదికెక్కి, షూ విప్పి ఒక పక్కన పెట్టి, కుర్చీలో కూర్చున్న ఇంటావిడ ఎదురుగా నిలబడింది.

"మీ చెట్టేనా అమ్మా? ఎంత ఏపుగా ఉందో. మా పెరట్లోది గాలివానకి పడిపోయింది." అచ్చ తెలుగులో.

ఇంటావిడ తన దీవి ఇంగ్లీషులో ఏదో అని చేత్తో పక్క కుర్చీ చూపించింది. అత్తగారు కూర్చుంది. ఒకావిడ ఆకు చూపిస్తే రెండో ఆవిడ వేళ్లు మూసి తెరిచి ముద్ద కలిపి చూపించింది. ఇద్దరూ నవ్వారు. కాసేపటికి ఇద్దరూ లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు. ఆ వంటింటిని నేను అప్పటిదాకా కిటికీలోంచి కూడా చూడలేదు.

కుర్రాడు "ఆంటీ, వైఫై పాస్‌వర్డ్ ఏంటి?" అని అమెరికా యాసలో నన్ను కాదు, లోపలున్న ఆవిణ్ణి అడుగుతున్నాడు. వాడి చెల్లెలు వెళ్లి ఫ్రిజ్ తలుపు తీసింది. తండ్రి వరండాలో బల్ల మీద నడుం వాల్చి గురకపెట్టాడు. కోడలు ఫోన్‌లో టైం చూసుకుంటూ, "అత్తయ్యా, సన్‌సెట్ మిస్ అవుతాం, బుక్ చేసేశాం" అని గుమ్మంలోంచి పిలుస్తోంది. నెలల తరబడి అడుగుల చప్పుడు కూడా కాకుండా కాపాడుకున్న ఇల్లు సంతలా తయారైంది. ఇంతలో తోటలో ఫెళ్లుమని చప్పుడు. కుర్రాడు మునగ కొమ్మ పట్టుకుని ఊగాడు. మునగ కొమ్మ పెళుసని ఫ్రిస్కోలో వాడికెవరు చెబుతారు? చెట్టుకి పెద్దది, కిందికి వంగినది, మొత్తంగా ఊడి నేల మీద పడింది.

నా గది పోయిందని అప్పుడే అనుకున్నాను. పరుగెత్తుకెళ్లి వంటింటి గుమ్మం బయటే నిలబడి ఇంగ్లీషులో క్షమాపణ చెప్పాను. చాలా పొడుగాటి క్షమాపణ. ఇంటావిడ పూర్తిగా వినలేదు. బయటికొచ్చి కొమ్మ చూసి, కుర్రాడి చెవి మెలిపెట్టి, ఆ కొమ్మని వరండాలోకి వాడిచేతే లాగించింది. ముసలివాళ్లిద్దరూ కాళ్లు చాపుకుని కూర్చుని ఆకు దూయడం మొదలుపెట్టారు. పిల్లలిద్దరూ చెరో రెమ్మ పట్టుకున్నారు. సన్‌సెట్ పోయింది. జలపాతమూ పోయింది. వంట మాత్రం రెండు రకాలుగా అయింది, ఒక పొయ్యి మీద మునగాకు పప్పు, రెండో దాని మీద ఆవిడ చేసే అల్లం వేసిన చికెన్ సూపు, అందులోనూ అదే ఆకు. అత్తగారు సూపు ముట్టలేదు గానీ ఉప్పు సరిపోయిందో లేదో వాసన చూసి చెప్పింది. నేను ఒక మూల నిలబడే తిన్నాను.

వెళ్లబోయే ముందు అత్తగారు, నా గుమ్మం ముందు ఆరబెట్టిన గిన్నె చూసింది. ఇంటావిడదని నేనే చెప్పాను, ఇవాళ తిరిగివ్వాలని కూడా.

"ఖాళీగానా?"

"ఇక్కడ అలాంటివేం లేవండీ" అన్నాను.

ఆవిడ నన్ను ఒకసారి ఎగాదిగా చూసింది. వ్యాన్‌లోంచి కాజాల డబ్బా తెప్పించి, గిన్నె నింపి, తనే తీసుకెళ్లి ఇచ్చొచ్చింది. ఊరు కాని ఊళ్లో, భాష రాని మనిషి దగ్గర, ఆ అధికారం ఏమిటో. వ్యాన్ మలుపు తిరిగేదాకా ఇంటావిడ గేటు దగ్గరే చెయ్యి ఊపుతూ నిలబడింది.

మర్నాడు పని అవగానే మెట్లెక్కి వెళ్లి, ఇకమీదట నా కోసం ఎవరూ రారని మాటిచ్చాను. ఆవిడ కాజా చప్పరిస్తోంది.

"ఎందుకు రారు?" అంది. తర్వాత కుర్చీ చూపించింది. నేను నిలబడే ఉన్నాను.

"నా కొడుకు చెప్పినట్టే చేస్తాను" అంది. "వచ్చే నెలాఖరు దాకా ఉండు. నువ్వు మంచి మనిషివి. చప్పుడు లేదు, మురికి లేదు. కానీ కింద ఎవరో ఉన్నారని నాకు ఒక్కరోజు కూడా అనిపించలేదు."

"టూరిస్టులు నాలుగు రోజులుండి పోతారు మ్యామ్. మీ చెట్టు విరిచేస్తారు. అందరూ నిన్నటివాళ్లలా కూర్చుని ఆకు దూయరు."

"పోయేలోపు ఒక్కడైనా వచ్చి కూర్చుంటాడు కదా."

ఇదీ ఆవిడ తెలివి. నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. మనిషి విలువ తెలియని చోట ఎంత పద్ధతిగా ఉండి ఏం లాభమని గదిలోకొచ్చి తలుపు వేసుకున్నాను. తర్వాత చాలాసేపు ఏడ్చాను, అదీ చప్పుడు కాకుండా.

నెలాఖరుకి అట్టపెట్టెలు సర్దుతుండగా ఫ్రిస్కో నుంచి ఫోన్.

"అక్కా, గుడ్ న్యూస్. సమ్మర్‌లో మళ్లీ వస్తున్నాం. అత్తయ్య వీసా ఎక్స్‌టెండ్ అయింది. ఆ ఆంటీ వీడియో కాల్‌లో కనపడినప్పుడల్లా రమ్మంటున్నారు. కింద రూమ్ ఇస్తారట, బుక్ చేసేశాం."

వీడియో కాల్స్ సంగతి నాకు తెలియదు. పైన నవ్వులు వినపడితే టీవీ అనుకున్నాను.

"అది మీరుండే రూమేనట కదా" అంది. "లోపల ఎలా ఉంటుందక్కా? ఆ రోజు మీరు రమ్మనలేదు."

"బాగానే ఉంటుంది" అన్నాను. "బెల్టులకి బూజు పడుతుంది. చూసుకోండి."