ఫెర్మో నింపిన గాలి

తన తప్పేమీ లేదని తెలిస్తే మనిషికి గుండె తేలికవుతుందా? లేక, చేసింది తన స్నేహితుడేనని తెలిసి ఇంకా బరువెక్కుతుందా? ఇన్నేళ్లయినా నాకు తేలలేదు.

ఇటలీలో బెర్గామో పైలోయలో ఫెర్మో ఇంటి కింది గదిలో కొండదారుల్లో తిరిగే పాత బైకులు బాగుచేసేవాడు. ఆ సెప్టెంబరు ఉదయం చిన్ననాటి నేస్తం గౌదెంజియో వచ్చాడు. కుడిచెయ్యి మెడకు కట్టి ఉంది. ఎడమ చంకలో బైకు వెనక షాకబ్జార్బర్ ఉంది.

"ఇదిగోరా, నీ సొత్తు. బైకు కూడా ఎవడికైనా అంటగట్టు. నా పని అయిపోయింది."

"అయిపోవడమేంట్రా?"

"చేతుల్లో పట్టు లేదు. కుర్రతనం నుంచీ దిగిన దిగుడులోనే ముసలి గాడిదలా బోర్లాపడ్డాను. మా ఆవిడ చెబుతూనే ఉంది, నీ వయసుకి పేకాట చాలయ్యా అని."

ఫెర్మోకి నవ్వు రాలేదు. షాకబ్జార్బర్‌ని బల్లకు బిగించి, స్ప్రింగు విప్పి, కడ్డీని అరచేత్తో నొక్కాడు. ఏ బిగువూ లేకుండా జారిపోయింది. మిగిలిన గాలి వదిలి మూత తీయగానే నూనె నురగై పొంగింది.

విప్పకముందే అతనికి తెలుసు.

ఆగస్టు నడిమి పండగకు ఆ దేశంలో కొట్లన్నీ కట్టేస్తారు. షాకబ్జార్బర్లలో నైట్రోజన్ గ్యాసు నింపేవాడు సముద్రానికి వెళ్లాడు, రబ్బరు రింగులమ్మేవాడూ వెళ్లాడు. పాత బైకుల పందెం ముంచుకొచ్చింది. లోపల గ్యాసునీ నూనెనీ విడిగా ఉంచే రింగు అరిగిందని ఫెర్మో వేలికి తెలిసింది. అయినా తుడిచి అదే వేశాడు. నైట్రోజన్ బదులు టైర్లకు కొట్టే గాలి నింపాడు. లోయలో పాతవాళ్లూ గాలే కొట్టేవారు, కానీ రింగు గట్టిగా ఉంటేనే. "బంగారంలా ఉంది, పో" అని గౌదెంజియో భుజం తట్టి పందేనికి పంపాడు. పెద్ద దిగుడులో గాలి నూనెలో కలిసింది, వెనక చక్రం ఎగిరి తన్నింది.

మేడ మీంచి ఫెర్మో భార్య ఎర్సిలియా కేకేసింది. "అన్నయ్యా, పొలెంటా సంకటి గట్టిపడిపోతోంది, పైకి రండి! మా ఆయన్ని నమ్ముకుంటే పస్తే!"

"వస్తున్నాం చెల్లెమ్మా!" అన్నాడు గౌదెంజియో.

నోరు మూసుకుంటే చాలు. బైకు అమ్ముడైపోతుంది, సంగతి ఎవరికీ తెలియదు. కానీ గౌదెంజియో స్టూలు మీద కూర్చుని, కట్టులోంచి బయటికొచ్చిన వేళ్లను ముడుస్తూ తెరుస్తూ, అవి పరాయివాడి వేళ్లయినట్టు చూసుకుంటున్నాడు.

"నీ చెయ్యి బాగానే ఉందిరా," అన్నాడు ఫెర్మో. "రింగు పోయింది. పోయిందని తెలిసే వేశాను."

"తెలిసే?"

"తెలిసే."

గౌదెంజియో నురగను వేలితో ముట్టుకుని, చొక్కాకు తుడుచుకున్నాడు.

"ఇన్నాళ్లూ కళ్లు మూస్తే అదే మలుపు, ఒరే. ఎక్కడ తప్పానా అని."

ఫెర్మో గబగబా సొరుగు లాగాడు. పండగయ్యాక రింగుల కొట్టు మళ్లీ తెరిచిన రోజే కొని దాచిన కొత్త రింగు తీసి, నూనె రాసి, గాడిలో కూర్చోబెట్టసాగాడు. "మళ్లీ కడతాను. నేనే కింది ఊరికి పట్టుకెళ్లి నైట్రోజన్ నింపిస్తాను. చెయ్యి అతుక్కునే లోపు..."

తలెత్తేసరికి స్టూలు ఖాళీగా ఉంది. ఎదుటి ఎత్తుదారిలో గౌదెంజియో మెడకట్టు సర్దుకుంటూ, వెనక్కి తిరగకుండా పైకి నడుస్తున్నాడు.