నేను కడిగేసిన పోర్ట్ సీసా

నా చిన్నప్పుడు అమెరికాలో, ఐసెలిన్‌లోని మా ఇంట్లో ఇంగువ పోపుకి సెలవు రోజులుండేవి. మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, మాతోనే ఉండేవాడు. పాతకాలపు పోర్ట్ వైన్ సీసాలు అసలువో నకిలీవో చూసి చెప్పడం ఆయన పని. రుచి చూసే రోజున ఇంగువ వాసన తగిలితే ముక్కు పనిచెయ్యదని మొత్తుకునేవాడు. "వెధవ ఉద్యోగం! చారుకి కూడా నోచుకోలేదు" అని సణుక్కుంటూనే అమ్మ పోపు మానేసేది. తమ్ముడంటే ప్రాణం మరి.

ఒకసారి శ్రావణమాసంలో ఒక పెద్దాయన తన సీసా ఒకటి మావయ్యకి అప్పగించాడు. ఆయన పుట్టిన ఏడాది తయారైన వైన్ అని వాళ్ల నాన్న దాచి ఇచ్చిందట. మావయ్య సొంతంగా పని మొదలుపెట్టాక చేతికొచ్చిన మొదటి పేరున్న సీసా అది. ఇక్కడ మాట పోతే ఇంకెవరూ తనని నమ్మరని ఆయన అమ్మతో అనడం నేను విన్నాను.

అది గురువారం. మర్నాడు వరలక్ష్మీ వ్రతం. పేరంటానికి ఆంటీలందరూ వస్తారు, ఇంట్లో ఎక్కడా దుమ్ము కనపడకూడదని అమ్మ హుకుం. నాకు తొమ్మిదేళ్లు, ఉత్సాహం ఎక్కువ. బేస్‌మెంట్‌లో టేబుల్ మీద దుమ్ముకొట్టుకుని, అడ్డంగా పడుకోబెట్టి ఉన్న సీసా కనబడింది. పైకి తెచ్చి, వేడినీళ్లూ సబ్బూ పెట్టి తళతళలాడేలా తోమాను. లేబుల్ ముద్దలా ఊడి సింక్‌లో పడింది. నెయ్యి గిన్నె అడుగున మడ్డిలా ఇన్నేళ్లూ పేరుకున్నదంతా లేచి, లోపలి వైన్ బురదబురదైపోయింది.

మావయ్య వచ్చి చూశాడు. అయ్యో, ఆ మొహం! ఒక్క మాట తిట్టలేదు. ఏడుస్తున్న నన్ను పక్కన కూచోబెట్టుకుని ఫోన్ అందుకున్నాడు. నాకేమో గొప్ప తెలివి వచ్చేసింది. "మావయ్యా, ముందు అది రియలా ఫేకా చూడు. ఫేక్ అయితే చెప్పక్కర్లేదు కదా!" అన్నాను.

"ఫేక్ అయితే మాత్రం మనం కడగలేదా, బుజ్జీ?" అన్నాడు నంబర్ నొక్కుతూ.

మా ఇంట్లో సీసా కడిగేశాం, లేబుల్ పోయింది, అలా వదిలెయ్యడం నాదే తప్పు అని ఆ పెద్దాయనకి ఉన్నదున్నట్టు చెప్పాడు. నా ఊసే ఎత్తలేదు. ఆదివారం వస్తానన్నాడాయన.

ఆదివారానికి మడ్డి మళ్లీ కిందికి దిగింది. ఆయన ఎదుటే మావయ్య, లాగితే పాత బిరడా పొడైపోతుందని, పట్టకారు ఎర్రగా కాల్చి, సీసా మెడకి పట్టించి తీసి, తడిగుడ్డ చుట్టాడు. బిరడాతో సహా మెడ టప్పున విరిగింది. బిరడా మీద ముద్రించిన ఏడాది చదివి మావయ్య ఆగిపోయాడు. ఊడిపోయిన లేబుల్ మీద ఉన్నదానికంటే అది మూడేళ్ల తరవాతిది. ఎవరో ఎప్పుడో లేబుల్ మార్చి అంటించారన్నమాట. కానీ చూపించడానికి ఆ లేబులేదీ? అసలు సీసా దాచేసి వేరేది పెట్టాడని ఆయన అనుకుంటే మావయ్య పని అయిపోయినట్టే. నా వల్లే కదా ఇదంతా అని మావయ్య వెనక్కి చేరాను.

పెద్దాయన బిరడాను అటూ ఇటూ తిప్పి చూశాడు. మోసం చెయ్యాలనుకున్నవాడు గురువారం నాకు ఫోన్ చేసి ఉండేవాడు కాదు, అన్నాడు నెమ్మదిగా. తరవాత ఇద్దరూ గ్లాసుల్లో కాస్త కాస్త పోసుకుని రుచి చూశారు. ఎండుద్రాక్ష, అక్రోటు వాసన వస్తోందన్నాడు మావయ్య. నాకంటే మూడేళ్లు చిన్నదన్నమాట అని ఆయన నవ్వేసి, పాపం మా నాన్న కూడా మోసపోయాడు అంటూ కళ్లు తుడుచుకున్నాడు. తన స్నేహితుల సీసాలన్నీ ఆ తరవాత మావయ్య దగ్గరికే పంపాడు.

నాకిప్పుడు యాభై దాటాయి. తప్పులు చెయ్యకుండా బతికానని కాదు, బోలెడు చేశాను. ఏదైనా పాడుచేసినప్పుడు, అది బయటపడుతుందా లేదా అని చూసుకోకముందే ఫోన్ చేసి చెప్పేస్తాను. చెప్పేటప్పుడు ఇప్పటికీ చేతులు వణుకుతాయి. వణికితే వణకనీ. ఆ గురువారం నంబర్ నొక్కుతున్న మావయ్య వేళ్లు కూడా వణికాయి, పక్కన కూచుని నేను చూశాను.