అవ్వ ముట్టని రొట్టె

మా ఆయనకు నన్ను ఆటపట్టించాలనిపించినప్పుడల్లా ఒకే మాట అంటాడు. "చర్చిలకెళ్ళి అలిగి లేచిపోయినోళ్ళు శానమంది ఉన్నరు గని, చెప్పులు గూడ మర్చిపోయి లేచిపోయింది నువ్వొక్కదానివే."

నిజమే మరి. కొడకండ్ల దగ్గర మా ఊరి చర్చి నుంచి ఆ రోజు నేను ఒట్టి కాళ్ళతో రోడ్డు దాకా నడిచాను. మండుటెండ. కాళ్ళు కాలుతున్న సంగతి కూడా తెలియలేదు. వెనక నుంచి ఆయనే రెండు జతల చెప్పులూ చేత పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఇప్పుడు ఇద్దరం నవ్వుకుంటాం గానీ, ఆ రోజు నాకు బతకాలని కూడా లేదు.

ఆ చర్చిలో పాట ఎత్తుకునేది నేనే. పిల్లలకు ఆదివారం బడి చెప్పేదీ నేనే. మా పెళ్ళి చేసింది అక్కడి పాస్టరే. అయ్యగారు అంటే మా ఇంట్లో అంత గౌరవం. బోరు వేయించాలన్నా, బర్రెను కొనాలన్నా ముందు ఆయన ప్రార్థన చేయాల్సిందే. ఆయన మాటకూ దేవుడి మాటకూ మధ్య తేడా ఉంటుందని మాకు ఎప్పుడూ తోచలేదు.

పెళ్ళయిన చాలా ఏళ్ళకు నాకు నెల తప్పింది. ఆ ఏడు సద్దుల బతుకమ్మ రోజు పొద్దున పక్కింటి అక్క చేతి మీద కాగే నూనె పడి బొబ్బలెక్కింది. "చెల్లె, నీ చెయ్యి మంచిగ తిరుగుతది, జర బతుకమ్మ పేర్చిపెట్టవా?" అని అడిగింది. వాళ్ళ వాకిట్లో కూర్చుని తంగేడు, గునుగు, బంతి వరుసగా పేర్చి ఇచ్చాను. ఆటకు పోలేదు, పాట పాడలేదు. పక్కింటి మనిషి చెయ్యి కాలితే పని అందుకోవడం మా ఊళ్ళో ఎవరైనా చేసేదే. పేర్చి, చేతులు కడుక్కుని ఇంటికొచ్చి వంట చేసుకున్నాను.

నెల తిరక్కుండానే నాకు కడుపు పోయింది. జనగామ దవాఖానలో డాక్టరమ్మ నా తల మీద చెయ్యి వేసి, "కొన్నిసార్లు ఇట్లయితది, నీ తప్పేం లేదు" అంది. ఆ మాట పట్టుకుని ఇల్లు చేరాను. ఒంట్లో కాస్త ఓపిక రాగానే, ఎవరున్నా లేకున్నా దేవుడున్నాడు కదా అని ఆదివారం చర్చికి వెళ్ళాను.

ఆ రోజు బల్ల ఆదివారం. అంటే నెలకోసారి ప్రభువు శరీరమని రొట్టె ముక్క, రక్తమని ద్రాక్షరసం అందరూ పంచుకునే రోజు. రొట్టె విరిచే ముందు అయ్యగారు ఆగారు. "మన మధ్యలో ఒక సహోదరి విగ్రహానికి పువ్వులు పేర్చింది. చూడండి, దేవుడు ఆమె కడుపులో పువ్వును రాల్చేసిండు. ఆమె సంఘం ముందు నిలబడి పాపం ఒప్పుకునేదాకా ఈ బల్ల ముట్టొద్దు" అన్నారు.

పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది? చాప మీద ఉన్న ఆడవాళ్ళందరి తలలూ నా వైపే తిరిగాయి. పుండు మీద కారం చల్లడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. నేను లేచాను. నా నోరు ఊరుకునే నోరు కాదు.

"అయ్యగారూ, ఈ సంగతి మీకు దేవుడు చెప్పిండా, మీరే అనుకున్నరా?"

"ఇది నీ నోరు కాదు, సాతాను నోరు. కూసో" అన్నారాయన.

పాటల పుస్తకం చాప మీద పెట్టి బయటికి నడిచాను. ఒక్కరు కూడా లేవలేదు. మా ఆయన లేచాడు.

ఊరంతా నా ధైర్యం గురించి చెప్పుకున్నారు. ధైర్యం పైపైనే. లోపల నేను ఆయన మాట నమ్మేశాను. ఎట్లా నమ్మకుండా ఉంటాను? చిన్నప్పటి నుంచి ఆ నోటితోనే కదా దేవుణ్ణి విన్నది! ప్రార్థనకు కళ్ళు మూసుకుంటే తంగేడు పూలు కనబడేవి. వాటి వెనక నా బిడ్డ. నా బిడ్డను దేవుడే చంపాడా? రెండు గుప్పిళ్ళ పూలకు అంత పగనా? అట్లాంటి దేవుడితో నాకేం మాటలు? వంటింట్లో కూనిరాగం కూడా బంద్ అయింది. మా ఆయన రాత్రి అన్నం ముందు ఒక్కడే తల వంచుకుని గొణుక్కునేవాడు. నేను గోడకేసి చూస్తూ కూర్చునేదాన్ని.

తరవాత ఆయనకు భూపాలపల్లిలో టిప్పర్ నడిపే పని దొరికింది, ఓపెన్ కాస్టు గని దగ్గర. ఊరు విడిచినందుకు నాకు హాయిగానే ఉంది. తెల్ల బట్టలు ఆరేస్తే సాయంత్రానికి బొగ్గు ధూళితో బూడిద రంగుకు తిరిగేవి. అయినా సరే, నా సంగతి ఎవరికీ తెలియని ఊరు అది.

మేం అద్దెకు దిగిన ఇంట్లోనే పక్క వాటాలో ఒక అవ్వ ఉండేది. గనిలో పనిచేసే కొడుకు దగ్గర ఉంటోంది. తెల్ల చీర, వంగిన నడుము, నోట్లో నాలుగు పళ్ళు, గలగలా మాట. మహబూబాబాద్ వైపు, నర్సింహులపేట చుట్టుపక్కల తండాల్లో ఆమె బైబిల్ స్త్రీగా పనిచేసి వచ్చిందని తెలిసింది. చర్చి తరఫున ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్ళ పక్కన కూర్చుని ప్రార్థన చేసే మనిషన్నమాట. అది తెలిసిన రోజే నేను తలుపేసుకున్నాను. చాలు తల్లీ, మీ ప్రార్థనలూ మీరూ!

అవ్వ తలుపు కొట్టేది. బైబిల్ పట్టుకుని కాదు, ఉడకబెట్టిన మక్కగుడాలు పట్టుకుని. ఒకరోజు కొత్తిమీర తొక్కు, ఇంకోరోజు పచ్చిపులుసు. ఒక్క వాక్యం చెప్పలేదు, ఒక్క ప్రశ్న వేయలేదు. తిన్నానా లేదా అని గిన్నె కోసం వచ్చి చూసేది, అంతే. కొన్నాళ్ళకు మాత్రం ఒక శనివారం సాయంత్రం వచ్చి, "బిడ్డా, నాకు కండ్లు సరిగ్గ అగుపిస్తలేవు. రోడ్డు మీద టిప్పర్లు. రేపు జర చెయ్యి పట్టుకోని చర్చి దాక తోల్కపోతవా?" అంది.

ముసలామె అడిగితే కాదంటామా? తీసుకెళ్ళి, బయట మెట్ల మీద కూర్చుందామనుకున్నాను. అవ్వ నా చెయ్యి వదిలితే కదా! తన పక్కనే చాప మీద కూర్చోబెట్టుకుంది. అట్లా ప్రతి ఆదివారం నేను ఆమె చేతికర్రనయ్యాను. పాటలప్పుడు నోరు తెరవలేదు. బల్ల ఆదివారం రొట్టె పళ్ళెం వస్తే కళ్ళు మూసుకుని తల వంచేదాన్ని. అవ్వ చేతిలోంచి పళ్ళెం నా చేతికి వచ్చేది, చూడకుండానే అవతలి ఆమెకు అందించేదాన్ని. ఎవరూ ఎందుకని అడగలేదు. నెలలు గడిచాయి.

ఈ కండ్ల సంగతి ఒకటి చెప్పాలి. ఒకరోజు చెప్పకుండా వాళ్ళ వాటాలోకి వెళితే, అవ్వ కిటికీ దగ్గర నిలబడి సూదిలో దారం ఎక్కిస్తోంది. ఒక్క దెబ్బకే ఎక్కించింది కూడా. నన్ను చూసి తేలు కుట్టిన దొంగలా బిత్తరపోయి, "ఇయ్యాల జర మంచిగ అగుపిస్తున్నయి" అంది. నాకు కోపం రావాలి కదా? రాలేదు, నవ్వొచ్చింది. కడుపు పోయిన తరవాత నేను గట్టిగా నవ్వింది అదే మొదటిసారి.

ఆ తరవాత ఒక మధ్యాహ్నం అక్కడి పాస్టరు మా ఇంటికి వచ్చాడు. నాకంటే చిన్నవాడు, మెత్తటి మనిషి. మంచినీళ్ళు ఇస్తే గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు తప్ప తాగలేదు.

"అక్కా, ఒకటి అడుగుత, ఏమనుకోకు. అవ్వకు నా మీద ఏమన్న కోపమున్నదా? శాన నెలల సంది బల్ల ముడుతలేదు. అందరు నన్నే అడుగుతున్నరు. నేనేం తప్పు మాట్లాడిన్నో సమజైతలేదు."

జీవితమంతా ఆ బల్ల కోసమే బతికిన మనిషి, దాన్ని ముట్టడం లేదా? పక్కనే కూర్చుని నేను చూడలేదా? పాస్టరును అక్కడే కూర్చోబెట్టి అవ్వ వాటాలోకి దూసుకెళ్ళాను. ఆమె చాటలో బియ్యం ఏరుతోంది.

"ఏందవ్వా ఇది? బల్ల ముడుతలేవంట! పాపం పాస్టరు పరేషాన్ల ఉన్నడు!"

అవ్వ తల ఎత్తలేదు. "నువ్వు ముడుతున్నవా?"

"నా సంగతి వేరు."

"ఏం వేరు? ఇంట్ల బిడ్డ అలిగి ఉపాసం పండుకుంటే తల్లికి ముద్ద దిగుతదా? నిన్ను పక్కన పెట్టుకోని నేనొక్కదాన్నే ఎట్ల తినాలె?"

"పాపమైతది అవ్వా..."

"అయితే కానీ. ప్రభువుతోని నేను మాట్లాడుకుంట. ఆయనకు నేను కొత్తదాన్నా?"

నేను ఆ బియ్యం ముందే కూలబడిపోయాను. ఎన్నాళ్ళ నుంచో కడుపులో కుక్కిందంతా బయటికి వచ్చింది. పూలు, దవాఖాన, రాలిన పువ్వు మాట, అన్నీ. చివరికి, మా ఆయనతో కూడా అనని మాట అనేశాను. "అవ్వా, దేవుడే నా బిడ్డను సంపిండా?"

అవ్వ చాట పక్కకు నెట్టింది. "ఎవడే ఆ మాటన్నది? వాని నోరు పడిపోను!" అని, వెంటనే చెంపలు వేసుకుంది, "నన్ను మన్నించు తండ్రీ" అని.

తరవాత మెల్లగా తన సంగతి చెప్పింది. ఆమెకు ఇప్పుడున్న కొడుకు కంటే ముందు ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారట. అప్పటి పెద్దలు ఆమెనూ విశ్వాసం చాలలేదన్నారట.

"అన్నోళ్ళందరు మనోళ్ళే. గని, నేను వాక్యం చెప్పబోయిన తండా ఆడోళ్ళు ఉన్నరు సూడు, వాళ్ళకు ప్రభువు ఎవరో ఎరుక లేదు. నా సంగతి విని నడుసుకుంట వచ్చిండ్రు. ఒక్కొక్కతి నా మెడ పట్టుకోని, వాళ్ళ భాషల రాగం తీసి ఏడ్సింది. నాకు ఒక్క ముక్క సమజు కాలే. కడుపు నిండ ఏడ్సినం. జొన్నరొట్టెలు తెచ్చి తినిపించి పోయిండ్రు. గా దినం నాకు ప్రభువు వచ్చి కూసున్నట్టే అయింది."

"మరి పిల్లలు ఎందుకు పోయిండ్రు అవ్వా?"

"నాకు ఇప్పటికీ ఎరుక లేదు బిడ్డా. ఎరుకున్నదని చెప్పెటోన్ని మాత్రం నమ్మకు."

నా మెడ చుట్టూ చేతులు వేసి, తండాలో నేర్చుకున్న ఆ రాగమే తీసింది. ఆ ముసలి గొంతులో రాగం సరిగ్గా పలకలేదు. నేను మాత్రం కడుపు నిండా ఏడ్చాను. గుమ్మంలో పాస్టరు ఎప్పుడొచ్చి నిలబడ్డాడో తెలియదు, కళ్ళు తుడుచుకుంటున్నాడు. "అక్కా, అది మా పాస్టర్ల నోట్లకెళ్ళే వచ్చింది గద. నేను గూడ నిన్ను మాఫీ అడగాలె" అని రెండు చేతులూ జోడించాడు. మా ఊరి పాస్టరు నుంచి రావాల్సిన మాట అది. ఆయన నుంచి ఇప్పటికీ రాలేదు. ఈ పిల్లవాడి నుంచి వచ్చింది, పుచ్చుకున్నాను.

తరవాతి బల్ల ఆదివారం నేను కళ్ళు మూసుకోలేదు. పళ్ళెం వచ్చింది. అవ్వ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాకు ఇవ్వదు, తాను తీసుకోదు. వెనక వరుసలో ఆడవాళ్ళు దగ్గారు, గుసగుసలాడారు. పాస్టరు ఎత్తుకున్న పాట అయిపోతే మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు. అవ్వ కదిలితే కదా! ఎంత మొండి ముసలమ్మ! చివరికి నేనే చెయ్యి చాచి ఒక ముక్క తీసుకున్నాను. అప్పుడు తానూ తీసుకుంది. ఉన్న నాలుగు పళ్ళతో నమిలి మింగి నా చెవిలో, "పాస్టరమ్మ ఉప్పెయ్యడం మర్చిపోయింది" అంది. ఏడుపూ నవ్వూ కలిసి నాకు పొలమారింది.

ఇంటికి వచ్చి వంట చేశాను. మా ఆయనకు రెండో షిఫ్టు. అన్నం ముందు ఎప్పటిలాగే తల వంచబోతుంటే, "ఆగు, నేను చేస్త" అన్నాను. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. చర్చి మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. మా అమ్మతో మాట్లాడినట్టే వచ్చింది.

"దేవా, మా ఊరి అయ్యగారు నీ మీద చాడీ చెప్పిండు. నేను నమ్మిన. ఇన్ని దినాలు నీతోని మాట్లాడలే. నా బిడ్డను నువ్వు సంపలే. నీకు గూడ ఒక కొడుకు సచ్చిపోయిండు గద, నీ కండ్ల ముందట్నే. కడుపుకోత అంటే ఏందో నీకెరుకే. నా బిడ్డ నీ కాడనే ఉన్నది గద. మంచిగ సూస్కో. ఏడిస్తే జర ఎత్తుకో."

ఆమెన్ మాత్రం మా ఆయన అన్నాడు.